ఆర్నెల్ల ముందు తేదీ

జూన్ 3

అన్నయ్యా,

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటున్నావు. ఉత్తరమైతే చింపెయ్యడానికైనా ఒకసారి విప్పాలి కదా, అందుకని కాగితం తీశాను. బాగున్నావా అని అడగను. ఐదేళ్ళుగా మందుల కంపెనీ ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకుని తిరిగేవాడు బాగుండక ఏమవుతాడు?

సూటిగా అడుగుతున్నాను. జనవరిలో నా బయోడేటా నీ చేతికిచ్చాను. "మా ఆఫీసులో ఇస్తాలే, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నావు. నిన్న నేనే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నీ పేరు ఎత్తలేదులే, భయపడకు. అలాంటి కాగితమేదీ మాకు అందలేదమ్మా అన్నారు. ఐదు నెలలుగా రేపో మాపో పిలుపొస్తుందని ఎదురుచూస్తున్నదాన్ని, నీకు ఎలా కనిపిస్తున్నాను?

ఈలోగా నేను ఊరికే కూర్చోలేదు. నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌కి వెళ్తే రెండేళ్ళ అనుభవం కావాలన్నారు. సబ్బుల కంపెనీలో మూడేళ్ళు. సిమెంటు ఫ్యాక్టరీలో అనుభవం అడగలేదు కానీ ఆడపిల్లలకి షిఫ్టులు కుదరవన్నారు. ఎవరో ఒకరు ఉద్యోగమిస్తేనే కదా సార్ అనుభవం వచ్చేది అన్నాను. ఆయన నవ్వి, తర్వాతివాళ్ళని పిలిచాడు. ఒక బీమా ఆఫీసువాళ్ళు మాత్రం అప్పటికప్పుడు తీసుకుంటామన్నారు. కెమిస్ట్రీ చదివినవాళ్ళకి ఓపిక ఎక్కువట, ఇంటింటికీ తిరగడానికి పనికొస్తారట. నా ఓపిక సంగతి వాళ్ళకి తెలీదు పాపం.

అమ్మ నిన్న బస్టాండు నుంచి వస్తూనే, తన పక్క టికెట్ కౌంటరు ఖాళీ అయింది, కూర్చుని టికెట్లు రాస్తావా అని అడిగింది. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అడిగింది. నాకు ఒళ్ళు మండింది అందుకే.

నా కాగితం ఏం చేశావో చెప్పు. 

నీ చెల్లెలు


జూన్ 11

ఉడుకుమోతుకి,

ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. ఇదే నయం. ఇక మీదట కింద రాసిన అడ్రసుకి రాయి, గది మారాను.

నీ కాగితం నేను ఇవ్వలేదు. ఇవ్వను కూడా. ఎందుకని అడక్కు. మా కంపెనీ నీకొద్దు, అంతే. అసలు ఈ మందుల ల్యాబ్‌ల వైపే రాకు. కెమిస్ట్రీ చదివితే ఇదొక్కటే దారి కాదు. బీఈడీ చేసి టీచరువి కావచ్చు. ప్రభుత్వ నీటి ల్యాబ్‌లకి పరీక్ష ఉంటుంది, దానికి చదువు. పోలీసుల ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కూడా మనవాళ్ళని తీసుకుంటారు. అద్దకం మిల్లుల్లో రంగులు కలిపేవాళ్ళు కావాలి. ఇవేవీ కాకపోతే పిహెచ్‌డీ చెయ్యి.

ఎక్కడికెళ్ళినా నా పేరు మాత్రం చెప్పొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను.

అమ్మకి ఈ గొడవలేవీ చెప్పకు.

అన్నయ్య


జూన్ 19

అన్నయ్యగారికి,

గారు అని కావాలనే రాశాను. ఇంత పెద్దమనిషివైపోయాక ఉత్త అన్నయ్యా అంటే ఏం బాగుంటుంది?

గది మారానని ఒక్క ముక్కలో తేల్చేశావు. ప్రమోషన్ వచ్చి పెద్ద గదికి మారానని రాయడానికి చెయ్యి రాలేదా? నీ కాగితం నిండా ల్యాబ్ వాసన, బ్లీచింగ్ పౌడరులా ఘాటుగా. అమ్మేమో దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని "మావాడు ఎంత కష్టపడుతున్నాడో" అంటూ మురిసిపోయింది. నేను పక్కగదిలోకి వెళ్ళిపోయాను.

నువ్వు తెల్లకోటు వేసుకోవచ్చు, నేను మాత్రం టీచరుగానో టికెట్ల దగ్గరో సర్దుకోవాలి. అంతేనా? పరీక్షల్లో నీకంటే నాకు పదకొండు మార్కులు ఎక్కువొచ్చాయి. అది ఇప్పటికీ మింగుడుపడలేదని చెప్పెయ్, వింటాను. నా పేరు చెప్పొద్దు అంటావా? నీ పేరేమైనా మూటగట్టి ఎత్తుకుపోతానన్నానా?

ఇరవై ఏడున మీ ఊళ్ళో ఇంటర్వ్యూకి వస్తున్నాను. ఎక్కడో రాయను, రాస్తే అదీ వద్దంటావు. సాయంత్రం నాలుగింటికి బస్టాండులో ఉంటాను. నీకు మనసుంటే రా. కూర్చుని మాట్లాడుకుందాం.

ఇంకా నీ చెల్లెలినే


జూలై 1

ఆరింటి దాకా చూశాను. రెండు గంటలు. పక్కన కూర్చున్న పెద్దావిడ జాలిపడి "ఎవరమ్మా రావాల్సింది?" అంది. ఎవరూ లేరండి అన్నాను.

ఇంటర్వ్యూ పెయింట్ల కంపెనీలో. ట్రైనీ ఉద్యోగాలు నాలుగైతే నూట ఎనభై మంది వచ్చారు. మాలో పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు కూడా ఉన్నారు. నాకు రాలేదు. రాలేదని చెప్పి ఏడవడానికి నువ్వు వస్తావనుకున్నాను. బుద్ధి లేకపోతే సరి.


జూలై 8

ఉడుకుమోతుకి,

సెలవు దొరకలేదు. నీకు లోకం ఏమీ తెలీదు, అయినదానికీ కానిదానికీ ఒంటికాలి మీద లేవడం తప్ప. అందరూ నీ మీద పగబట్టి కూర్చోలేదు. ఒక్క ఏడాది ఆగితే కొంపలేమీ మునగవు. నీటి ల్యాబ్ పరీక్షకి ఫారాలు వచ్చాయి, పంపిస్తున్నాను. నింపి పెట్టు.

అన్నయ్య


జూలై 15

శ్రీయుత పెద్దమనిషికి,

నీ ఫారాలు అమ్మ అలమరలో కింద పరుచుకుంది.

నాకు ఉద్యోగం వచ్చింది. ఎక్కడో చెప్పనా? మీ కంపెనీలో! మీ క్యూసీ ల్యాబ్‌లోనే, తయారైన మాత్రల్ని పరీక్షించి సరే అనో కాదు అనో రాసే పని. మనుషుల్ని కుదిర్చే ఒక ఏజెన్సీ ద్వారా వెళ్ళాను. నీ పేరు ఎక్కడా ఎత్తలేదు. ఇంటిపేరు చూసి అడిగితే, ఆ ఇంటిపేరువాళ్ళు ఊరూరా ఉన్నారు సార్ అన్నాను. అనుభవం లేదని నేనే ముందు చెప్పేశాను. మీ మేనేజరుగారు, "లేకపోవడమే మంచిదమ్మా, మేం నేర్పిస్తాం" అన్నారు. ఇన్నాళ్ళకి ఒక్క మనిషి నాతో మనిషిలా మాట్లాడాడు. నువ్వేమో ఇలాంటి చోటుకి నన్ను రానివ్వకుండా అడ్డం పడ్డావు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను లోపల ఉంటాను. ఫ్యాక్టరీ ఆవరణలోనే ఆడపిల్లల హాస్టలుందట. సోమవారం పొద్దున నీ బల్ల ముందుకొచ్చి "గుడ్ మార్నింగ్ సార్" అంటాను. ఆ క్షణంలో నీ మొహం చూడాలి నేను. అందాకా నీ నంబరు బ్లాక్ చేశాను. నువ్వు చేసే ఫోన్లు ఎలాగూ లేవు కదా.

మీ కొత్త కెమిస్టు


జూలై 24

అన్నయ్యా,

ఎక్కడున్నావు నువ్వు? ఏం చేస్తున్నావు?

ఎదురుపడితే చెయ్యి చేసుకుంటానేమోనని భయంగా ఉంది, అందుకే రాస్తున్నాను. సోమవారం ల్యాబ్‌లోకి వెళ్ళి బల్లలన్నీ వెతికాను. చివరికి ఒకతన్ని అడిగితే, ఆయన మార్చిలోనే మానేశాడు కదా అన్నాడు. మార్చిలో! నాతో సెలవు దొరకలేదని రాసింది జూలైలో. దేనికి సెలవు దొరకలేదు? నిన్ను తిట్టుకోవాలా, నవ్వాలా, ఏడవాలా, అర్థం కాక పరీక్షనాళికలు కడుగుతూ నిలబడ్డాను. ఒకటి పగలగొట్టాను కూడా.

అది ఒక ఎత్తు. నిన్న మేనేజరు తన గదికి పిలిచాడు. ఒక పాత నోటుబుక్కు, ఒక ఖాళీ నోటుబుక్కు ముందు పెట్టాడు. రెండింటి మీదా ఒకటే నంబరు. "మానేసినతని రాత ఎవరికీ అర్థం కావట్లేదు, నీ రాత గుండ్రంగా ఉందిగా, దీన్ని ఇందులోకి ఎక్కించు" అన్నాడు. విప్పితే నీ రాత. ఎందుకు అర్థం కాదు? చిన్నప్పుడు నా పుస్తకాలకి అట్టలేసి పేరు రాసిన రాతే కదా.

నలభై ఒకటో పేజీ దగ్గర ఆపాడు. మూర్ఛ వచ్చేవాళ్ళు వేసుకునే మాత్రలు. అరగంటలో నూటికి ఎనభై పాళ్ళు కరగాలని పైనే రాసి ఉంది. నువ్వు అరవై రెండు అని రాసి సంతకం పెట్టావు. మళ్ళీ చేశావు, మళ్ళీ అరవై రెండే. మేనేజరు నాకొక చీటీ ఇచ్చాడు, అందులో ఎనభై నాలుగు అని ఉంది. "పాత మిషన్ చెడిపోయి తప్పు చూపించింది. సరైనది ఇది. ఇది ఎక్కించి, పరీక్ష చేసినవారు అన్న చోట నువ్వు సంతకం పెట్టు" అన్నాడు. ఫిబ్రవరిలో నేను ఇక్కడ లేనే లేను కదా సార్ అన్నాను. దానికేమన్నాడో తెలుసా? "నీకింకా అపాయింట్‌మెంట్ కాగితం ఇవ్వలేదు కదా. దాని మీద ఆర్నెల్ల ముందు తేదీ వేస్తాం, జనవరిలో చేరినట్టు. ఆర్నెల్ల అనుభవం ఊరికే కలిసొస్తుంది. నీలాంటివాళ్ళు దాని కోసమే కదా కాళ్ళరిగేలా తిరిగేది" అన్నాడు, నవ్వుతూ. చల్లటి నీళ్ళు కూడా తాగమని ఇచ్చాడు.

ఆ సరుకు ఇంకా గోడౌన్‌లోనే ఉంది. ఆగస్టు ఆరున కొనేవాళ్ళ తరఫు మనుషులు వస్తున్నారు. వాళ్ళకి ఈ పుస్తకం చూపించి సరుకు పంపేస్తారట. ఐదో తేదీలోగా ఎక్కించమన్నాడు.

అన్నయ్యా, ఒక్కటి ఒప్పుకుంటాను, నన్ను తిట్టుకో. ఆర్నెల్ల అనుభవం అనగానే ఒక్క నిమిషం నాకు ఆశ పుట్టింది. నిజంగా పుట్టింది. నీ రాత కాకపోయి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

అడ్రసు వెనక రాస్తున్నాను. అసలేం జరిగిందో రాయి. ఈసారి అబద్ధం రాశావంటే నాకు అన్న లేడనుకుంటాను.

నీ చెల్లెలు


జూలై 29

చిన్నదానా,

నీ పదిహేనో తేదీ ఉత్తరం చదివిన వెంటనే ఫోన్ చేశాను. నన్ను బ్లాక్ చేశావు. రెండుసార్లు గేటు దాకా వచ్చాను. నాకు రోజూ నమస్కారం పెట్టిన సెక్యూరిటీవాడే, మిమ్మల్ని లోపలికి పంపొద్దన్నారు సార్ అని తల దించుకున్నాడు. నలభై కిలోమీటర్లు వచ్చి, రోడ్డు మీద నిలబడి మీ హాస్టలు కిటికీలు లెక్కపెట్టి వెళ్ళాను.

ఏం జరిగిందో అడిగావు. నీకు చెప్పిందే నాకూ చెప్పారు, పేజీ తిరగరాయమని. కుదరదన్నాను. మర్నాడు ఒక కాగితం ఇచ్చి, సొంత కారణాల వల్ల మానేస్తున్నానని రాయమన్నారు. రాశాను. అనుభవం సర్టిఫికెట్ రేపు రా, ఎల్లుండి రా అని తిప్పి తిప్పి అసలే ఇవ్వలేదు. ఐదేళ్ళు పనిచేసినట్టు నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఇంకో కంపెనీకి వెళ్తే పాత కంపెనీకి ఫోన్ చేస్తారు. ఇక్కడివాళ్ళు గొడవల మనిషి అంటారు. ఇలా పదకొండు చోట్ల అయింది. నీకంటే నాకు పదకొండు మార్కులు తక్కువన్నావు చూడు, సరిపోయింది.

ఇప్పుడు నేను ఒక క్లబ్బులో ఈతకొలను నీళ్ళు చూస్తున్నాను. పొద్దున, సాయంత్రం క్లోరిన్ కొలిచి మందు కలుపుతాను. పంపులుండే గది వెనక నాకో గదిచ్చారు. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని మురిసిన వాసన అది.

జూన్ ఇరవై ఏడో తేదీ సంగతి కూడా విను, ఎలాగూ విప్పాను కదా. పెయింట్ల కంపెనీ హాల్లో నేనూ ఉన్నాను. ట్రైనీ ఉద్యోగానికి, నేను. జుట్టు నెరిసినవాళ్ళు కూడా ఉన్నారని రాశావే, అలాంటివాళ్ళ వెనకే నిలబడ్డాను. మూడో వరసలో నువ్వు ఒళ్ళో ఫైలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నావు. అన్నాచెల్లెళ్ళం ఒకే కుర్చీ కోసం వచ్చాం. నా చేతిలోని వరస నంబరు చీటీ అక్కడే చింపేసి బయటికొచ్చేశాను. ఆ మొహంతో బస్టాండుకి ఎలా రాను? నీ ఎదురుగా కూర్చుని, ఎలా జరిగిందని ఎలా అడగను?

ఇక అసలు మాట. సంతకం పెట్టెయ్.

అవును, నేనే రాస్తున్నాను. నేను నిజం రాసి ఏం ఊడబొడిచాను? ఆ సరుకుని ఆపానా? ఐదు నెలలు ఆగి ఇంకొకర్ని పట్టుకున్నారు. ఆ ఇంకొకరు నువ్వయ్యావు. నువ్వు కాదంటే నీ పక్క బల్లమీదవాడు పెడతాడు, సాయంత్రానికల్లా పెడతాడు. వాడు ఉద్యోగంలో ఉంటాడు, నువ్వు నాలాగా రోడ్డు మీద ఉంటావు. ఆ పేజీ మీద నాకున్నంత కోపం నీకుండదు. నాకు ఆ మేనేజరు మీదే కాదు, నా మీద నాకే కంపరంగా ఉంది. కొంపలో ఒక వెర్రివాడు చాలు. పెట్టి, ఆర్నెల్ల కాగితం తీసుకుని, ఇంకో చోటు చూసుకుని బయటపడు. ఇది అన్నగా చెప్తున్నాను. వినకపోతే నీ ఖర్మ.

అన్నయ్య


ఆగస్టు 7

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగో తేదీన అందింది. మూడుసార్లు చదివాను. పెయింట్ల కంపెనీ సంగతి చదివి ఏడిచాను, దాచుకోను. దాని తర్వాతి పేరా దగ్గర నీ మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు, ఆ మేనేజరు మీద కూడా. వాడు అలాంటివాడని తెలుసు. నువ్వు రాస్తావా ఆ మాట?

సంతకం పెట్టాను. ఎక్కడ పెట్టానో విను.

ఐదో తేదీ పొద్దున ల్యాబ్‌కి అందరికంటే ముందు వెళ్ళాను. ప్రతి సరుకులోంచీ కొన్ని మాత్రలు తీసి బీరువాలో దాచి ఉంచుతారు కదా. నువ్వు పరీక్షించిన సరుకువి తీసి, ఆరు గాజుపాత్రల్లో ఒక్కొక్కటి వేశాను. మిషన్ కొత్తది, మొన్ననే సరిచూసిన చీటీ దాని మీదే అంటించి ఉంది. నీళ్ళు ఒంటి వేడికి తెచ్చి, నువ్వు రాసిన పద్ధతిలోనే చేశాను. అరగంటసేపు కుర్చీలో కూర్చోకుండా చూశాను. అరగంటయ్యాక కూడా ఆరింటి అడుగునా మాత్ర ముక్కలు తిరుగుతూనే ఉన్నాయి. లెక్క వేస్తే అరవై ఒకటి వచ్చింది. ఎవరో ఒకామె ఉంటుంది, చేతిలో పిల్లాడితో మెట్లు దిగుతూ ఉంటుంది, పొద్దున్నే మాత్ర వేసుకున్నాను కదా అని ధైర్యంగా ఉంటుంది. ఆమె కడుపులో ఈ ముక్కలు ఇలాగే తిరుగుతుంటాయి. నాకు అదే కనిపించింది. నువ్వు ఫిబ్రవరిలో చూసిందీ అదే అయ్యుంటుంది. మరి ఎలా మర్చిపోయావు?

నీ పాత పుస్తకం నలభై ఒకటో పేజీ తీశాను. నీ సంతకం కింద, సరిచూసినవారు అన్న గడి ఖాళీగా ఉంది. ఆ రోజు అక్కడ సంతకం పెట్టడానికి ల్యాబంతటిలో ఒక్కడికీ దమ్ము లేకపోయింది. దాచిన మాత్రలతో మళ్ళీ చేశాను, అరవై ఒకటి వచ్చింది, పైన రాసింది నిజమే అని రాసి సంతకం పెట్టాను. తేదీ ఆగస్టు ఐదనే వేశాను. సాయంత్రం మేనేజరు పుస్తకం అయిందా అని అడిగితే, అయింది సార్, రేపు తెస్తాను అన్నాను. అది అబద్ధం కాదు.

నిన్న కొనేవాళ్ళ తరఫున ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటుంది. మేనేజరు నన్ను పిలిచి పుస్తకం తెమ్మన్నాడు. నేను పాతది తెచ్చి, నలభై ఒకటో పేజీ తెరిచి ఆవిడ ముందే పెట్టాను. మేనేజరు "అది కాదమ్మా, అది కాదు" అంటూ చెయ్యి చాచాడు. ఆవిడ పుస్తకం తన వైపు లాక్కుంది. చదివింది. మళ్ళీ చదివింది. ఖాళీ పుస్తకం కూడా తెప్పించి, రెండింటి నంబర్లూ పక్కపక్కన పెట్టి చూసింది. ఫొటోలు తీసుకుంది.

"ఈ సరిచూసినవారు ఎవరు?" అంది. నేనే అన్నాను.

"పైన సంతకం?" అంది. 

మేనేజరు నా వైపే చూస్తున్నాడు. మా అన్నయ్యదండి అన్నాను. ఐదేళ్ళు ఇక్కడే పనిచేశాడు, ఈ పేజీ మార్చనన్నందుకు పంపేశారు, సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు అన్నాను. గొంతు పెద్దదైపోయింది, బయట బల్లల దగ్గరవాళ్ళంతా విన్నారు. విననీ. నీ పేరు చెప్పొద్దన్నావు. చెప్పాను. స్పష్టంగా, ఆవిడ రాసుకునేలా రెండుసార్లు చెప్పాను.

సరుకు పంపడం ఆగింది. గోడౌన్ తలుపుకి ఆవిడే సీలు వేయించింది. పై వాళ్ళకి నివేదిక వెళ్తుందట, దాని వల్ల ఏమవుతుందో నాకు తెలీదు. నన్ను మాత్రం ఈ పొద్దున్నే పంపేశారు. పద్దెనిమిది రోజులు చేశాను. ఏ కాగితమూ ఇవ్వలేదు. అమ్మకి ఫోన్లో అంతా చెప్పేశాను, నీ ఈతకొలనుతో సహా. అమ్మ "వాడు తిన్నాడో లేదో కనుక్కో" అంది. ఇంకేం అడగలేదు.

ఈ ఉత్తరం నీ చేతికి నేనే ఇస్తాను. ఎందుకు రాశానంటే, నిన్ను చూస్తే ఇదంతా వరసగా చెప్పలేను, అరుస్తాను. రేపు పొద్దున్నే బయల్దేరి నీ పంపుల గదికి వస్తున్నా. పదకొండు చోట్ల కాదంటే పన్నెండో చోటికి ఇద్దరం కలిసే వెళ్దాం, ఒకే హాల్లో, ఒకే వరసలో కూర్చుందాం. సిగ్గు పడితే చెవి మెలిపెడతాను.

నీ జూలై ఉత్తరం నా సంచిలో ఉంది. సంతకం పెట్టెయ్ అని ఉన్న కాగితం అది. అది నా దగ్గర ఉండటం నాకిష్టం లేదు, నేను చింపను కూడా. నేను చూస్తుండగా, నీ చేత్తో నువ్వే చింపాలి.

చెల్లెలు